ప్రోగ్రామును గుచ్చిన చేతులు: పాడర్‌బోర్న్ మినీ కంప్యూటర్ కథ

జర్మనీలో ఉన్న మనవాళ్లకి మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్, స్టుట్‌గార్ట్ తెలిసినంతగా పాడర్‌బోర్న్ తెలియదు. ఉద్యోగాల వేటలో ఈ ఊరి పేరు అంతగా వినిపించదు. ఊరి మధ్యలో పెద్ద చర్చి, దాని కింద నుంచి ఉబికి వచ్చే నీటి ఊటలు, ఆ ఊటలన్నీ కలిసి పారే పాడర్ అనే బుల్లి నది. నాలుగు కిలోమీటర్లు పారి మరో నదిలో కలిసిపోతుంది. జర్మనీలో అతి చిన్న నదుల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు.

ఇంత నెమ్మదైన ఊళ్లో ప్రపంచంలోనే అతి పెద్ద కంప్యూటర్ మ్యూజియంగా పేరున్న హైంజ్ నిక్స్‌డార్ఫ్ మ్యూజియమ్స్ ఫోరమ్ ఉంది. ఒకప్పటి కంప్యూటర్ కంపెనీ ప్రధాన కార్యాలయ భవనంలోనే దాన్ని 1996లో తెరిచారు. మన ఇళ్లలో సగం సంసారాలు కంప్యూటర్ ఉద్యోగాల మీదే నడుస్తున్నాయి కదా, మనకి అన్నం పెడుతున్న ఈ వృత్తి పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి చూద్దాం. ఇందులో ఆడవాళ్ల చేతి పని ఎంత ఉందో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

గదంత యంత్రం బల్లంత అయింది

1960ల మొదట్లో కంప్యూటర్ అంటే ఒక పెద్ద గది, ఆ గదికి చల్లదనం, దాన్ని చూసుకోవడానికి ఒక బృందం. బ్యాంకులు, ప్రభుత్వాలు, పెద్ద ఫ్యాక్టరీలు మాత్రమే ఆ ఖర్చు భరించేవి. అమెరికాలో మేనార్డ్ అనే ఊళ్లో, ఒక పాత ఉన్ని మిల్లులో నడిచిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో పీడీపీ-8 అనే యంత్రాన్ని తెచ్చింది. ధర 18 వేల డాలర్లు. అప్పటి లెక్కలో అది కారుచౌక. ఒక ప్రయోగశాల, ఒక కాలేజీ, ఒక మోస్తరు ఫ్యాక్టరీ కూడా సొంతంగా కంప్యూటర్ పెట్టుకోవచ్చన్న మాట మొదటిసారి నిజమైంది. ఇలాంటి వాటికి మినీ కంప్యూటర్లు అని పేరు వచ్చింది. అది మినీ స్కర్టుల కాలం. ఆ మోజులోంచే ఈ పేరు పుట్టిందని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు.

అదే కాలంలో జర్మనీలో హైంజ్ నిక్స్‌డార్ఫ్ కూడా ఇదే దారిలో ఆలోచించాడు. ఆయన 1925లో పాడర్‌బోర్న్‌లోనే పుట్టాడు. ఐదుగురు పిల్లలున్న సామాన్య కుటుంబం. తండ్రి యుద్ధంలో పోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భౌతికశాస్త్రం చదువుతూ, ఒక అమెరికన్ కంపెనీలో పని చేస్తున్న వాల్టర్ స్ప్రిక్ అనే శాస్త్రవేత్త దగ్గర ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రాల పని నేర్చుకున్నాడు. 1952లో చదువు మధ్యలో వదిలేసి, ఎసెన్‌లో ఒక విద్యుత్ సంస్థ ఇచ్చిన పెట్టుబడితో, వాళ్ల భవనం కింది గదిలోనే చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. 1959లో దాన్ని సొంత ఊరికి మార్చుకున్నాడు. చాలా ఏళ్లు తన పేరు బయటికి రాకుండా, పెద్ద కంపెనీల యంత్రాలకి లోపలి భాగాలు చేసి ఇచ్చేవాడు.

నిక్స్‌డార్ఫ్ ఆలోచన సూటిగా ఉండేది. కంప్యూటర్ ఎక్కడో అద్దాల గదిలో ఉంటే, లెక్కలు రాసే మనిషి కాగితాలు పట్టుకుని దాని దగ్గరకి పోవాలి. అలా కాకుండా యంత్రమే ఆ మనిషి బల్ల దగ్గరకి రావాలి. మార్కెట్ మొత్తాన్ని శాసించే పెద్ద యంత్రాల వాళ్లతో పోటీ పడకుండా, చిన్న చిన్న వ్యాపారాల వైపు చూశాడు. ఓటో ముల్లర్ అనే ఇంజనీర్ రూపొందించిన యంత్రం 1967లో హానోవర్ సంతలో వాండరర్ లోగాట్రానిక్ పేరుతో కనిపించింది. ఆ మర్నాటి ఏడు నిక్స్‌డార్ఫ్ వాండరర్ కంపెనీనే కొనేశాడు. అదే యంత్రం నిక్స్‌డార్ఫ్ 820గా మారింది.

చూడటానికి అది ఆఫీసు బల్లలాగే ఉంటుంది. బల్ల మీద టైప్ రైటర్, పక్కన అంకెల మీటలు, లోపల ఎలక్ట్రానిక్ పలకలు. బిల్లులు, జీతాలు, సరుకు నిల్వలు, ఖాతాలు దాని పని. దాని ముందు కూర్చున్న వాళ్లలో చాలామంది ఆఫీసుల్లో టైపింగ్, ఖాతాల పని చేసే ఆడవాళ్లే. కంప్యూటర్ నేర్చుకోవడానికి వాళ్లు ఇంజనీరింగ్ చదవాల్సిన పని లేకపోయింది.

తీగలో రాసిన ప్రోగ్రాము

ఇప్పుడు ప్రోగ్రామంటే మనం కీబోర్డు మీద రాసేది. తప్పు వస్తే చెరిపి మళ్లీ రాస్తాం. నిక్స్‌డార్ఫ్ 820 లో మాత్రం ప్రోగ్రామును చేత్తో గుచ్చేవారు. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు, నిజంగానే తీగ పట్టుకుని గుచ్చేవారు.

అదెలాగంటే, చిన్న చిన్న ఫెర్రైట్ కడ్డీలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య నుంచి వెంట్రుకలాంటి రాగి తీగను నడిపిస్తారు. తీగ ఒక కడ్డీకి ఈ పక్క నుంచి పోతే ఒకటి, ఆ పక్క నుంచి పోతే సున్నా. ఒక తీగ అన్ని కడ్డీల మధ్య వంకర్లు తిరిగి అవతలికి చేరేసరికి ఒక ఆదేశం తయారవుతుంది. ఇలాంటి తీగలు వరుసగా నడిపితే ఒక ప్రోగ్రాము. జీతాల లెక్కకి ఒక అల్లిక, బిల్లుల లెక్కకి ఇంకో అల్లిక. కరెంటు పోయినా, యంత్రం ఆపేసినా ఆ రాత చెరగదు, ఎందుకంటే రాత తీగ నడిచిన దారిలోనే ఉంది.

ఈ పని చేసింది ఫ్యాక్టరీలోని మహిళలు. ప్రోగ్రామర్ కాగితం మీద రాసిన ఒకట్లు, సున్నాలు చూసుకుంటూ, గంటల తరబడి తీగ వెంట తీగ నడిపేవారు. ఒక్కచోట పక్క మారితే ఎక్కడో ఒక వ్యాపారి బిల్లులో లెక్క తప్పుతుంది. సన్నజాజులు మాల కట్టినవాళ్లకి, చీర అంచుకి పూసలు కుట్టినవాళ్లకి ఈ ఏకాగ్రత ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

పడుగు, పేక, ఆవగింజంత ఉంగరాలు

యంత్రం పని చేసేటప్పుడు మారుతూ ఉండే అంకెలు దాచుకోవడానికి ఆ కాలంలో ఇంకో రకం జ్ఞాపకం వాడేవారు. దాన్ని కోర్ మెమరీ అంటారు. ఆవగింజంత ఫెర్రైట్ ఉంగరాలు వేల సంఖ్యలో, ఒక చట్రంలో బిగించి ఉంటాయి. మగ్గం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నిలువు తీగలు పడుగు, అడ్డ తీగలు పేక. రెండూ కలిసే ప్రతి చోటా ఒక ఉంగరం.

ఉంగరాన్ని ఒక దిక్కుకి అయస్కాంతం చేస్తే ఒకటి, ఎదురు దిక్కుకి చేస్తే సున్నా. ఒక నిలువు తీగలో సగం కరెంటు, ఒక అడ్డ తీగలో సగం కరెంటు పంపుతారు. ఆ రెండూ కలిసిన ఒక్క ఉంగరానికే పూర్తి బలం అందుతుంది, అదొక్కటే దిక్కు మారుతుంది. మిగతా వాటిలో కదలిక ఉండదు. మారిందో లేదో కనిపెట్టడానికి ఇంకో తీగ. విచిత్రం ఏమిటంటే, చదివితే ఉన్నది చెరిగిపోతుంది. అందుకని చదివిన వెంటనే యంత్రం దాన్ని మళ్లీ రాసుకుంటుంది.

పీడీపీ-8 లో మామూలుగా 4,096 మాటలు పట్టేవి. ఒక్కో మాటకి 12 బిట్లు. అంటే 49,152 ఉంగరాలు. ఈరోజు మన ఫోనులో ఒక చిన్న ఫొటో కూడా అందులో పట్టదు. ఇలాంటి జ్ఞాపకాలు అల్లిన వాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. సూక్ష్మదర్శిని కింద చూస్తూ సన్నని తీగలు గుచ్చేవారు.

చంద్రుడి మీదకి వెళ్లిన అపోలో నౌకలో ఉన్న కంప్యూటర్‌దీ ఇదే కథ. దాని ప్రోగ్రాములను అమెరికాలో వాల్తామ్ అనే ఊరి ఫ్యాక్టరీలో మహిళలు తీగలతో అల్లారు. తీగ ఉంగరం లోపల నుంచి పోతే ఒకటి, బయట నుంచి పోతే సున్నా. అక్కడి ఇంజనీర్లు దానికి ముసలమ్మల జ్ఞాపకం అని వేళాకోళంగా పేరు పెట్టారు. వ్యోమగాముల ప్రాణాలు ఆ ముసలమ్మల అల్లిక మీద ఆధారపడి ఉన్నాయి.

హైదరాబాదు వాటా

మన పిల్లలు కంప్యూటర్ అంటే కాలిఫోర్నియాలో పుట్టిందనుకుంటారు. హైదరాబాదు అంటే మాదాపూర్, గచ్చిబౌలి అనుకుంటారు. ఊరికి ఆ చివర, కుషాయిగూడ వైపు, ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ దగ్గర ఇంకా పాత కథ ఒకటి ఉంది.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చేసి, హోమీ భాభా బృందంలో చేరారు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టింది ఆయనే. మనం రోజూ అనుకునే ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. ఆ రెండక్షరాల వెనక ఎవరున్నారో ఆ దారిన తిరిగేవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

ముంబయిలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, అంటే టీడీసీ-12, 1969లో బయటికి వచ్చింది. పీడీపీ-8 లాగే అదీ 12 బిట్ల యంత్రం. తయారీ బాధ్యత హైదరాబాదు సంస్థది. ఆ తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. విదేశీ కంపెనీలు తమ దేశంలో వాడి పక్కన పెట్టిన యంత్రాలను మనకి అద్దెకిస్తున్న రోజులవి. అలాంటప్పుడు సొంత కంప్యూటర్ చేయడం చిన్న సంగతి కాదు. నిక్స్‌డార్ఫ్ 820 పాడర్‌బోర్న్‌లో తయారవుతున్న ఆ ఏళ్లలోనే, మన ఊళ్లోనూ కంప్యూటర్ల పని మొదలైంది. ఈ సంగతి మన పిల్లలకి తెలియాలి.

ఆ చేతులు ఏమయ్యాయి?

1970లలో సిలికాన్ చిప్పులు చౌకయ్యాయి. తీగ గుచ్చే పని కొన్ని ఏళ్లలోనే కనుమరుగైంది. నిక్స్‌డార్ఫ్ కంపెనీ మాత్రం ఇంకా పెరిగింది. 20 వేల మందికి పైగా ఉద్యోగులతో యూరప్‌లో పెద్ద కంప్యూటర్ కంపెనీల సరసన చేరింది. 1986 మార్చిలో హానోవర్‌లో సెబిట్ కంప్యూటర్ సంత జరుగుతుండగానే నిక్స్‌డార్ఫ్ గుండెపోటుతో చనిపోయాడు. ఆ తర్వాత పర్సనల్ కంప్యూటర్ల ఉప్పెనలో కంపెనీ తట్టుకోలేకపోయింది. 1990లో సీమెన్స్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఆ పేరు డబ్బు తీసే ఏటీఎం యంత్రాల మీద మిగిలింది.

పెద్దాయన పేరు మ్యూజియానికి ఉంది. యంత్రం రూపొందించిన ఓటో ముల్లర్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆయన 1972లో భార్య ఇల్జెతో కలిసి కోన్‌స్టాంజ్‌లో సొంత కంప్యూటర్ కంపెనీ పెట్టాడు, ఆమె పేరూ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. తీగలు గుచ్చిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఆ యంత్రాల మీద లేవు. వాళ్లది నైపుణ్యం అని ఎవరూ అనలేదు. ఆడవాళ్ల చేతులు సున్నితం, ఓపిక ఎక్కువ అని మాత్రం అన్నారు. ఓపిక అని పేరు పెట్టిన పనికి జీతం తక్కువ, గుర్తింపు ఇంకా తక్కువ.

ఈ మాట మనకి కొత్త కాదు. టెస్టింగు చేసేవాళ్లు, డాక్యుమెంటేషను రాసేవాళ్లు, రాత్రిపూట వచ్చిన ఫిర్యాదులు సర్దేవాళ్లు, భర్త వీసా మీద వచ్చి జర్మన్ భాష నేర్చుకుంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టినవాళ్లు, ఇలాంటి వాళ్లు మనలో ఎంతమందో. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి ఎవరి పని ఉంటుందో, ఎవరి పని పోతుందో అని అందరికీ దిగులుగా ఉంది. తీగ గుచ్చే పని పోయినట్టే ఇప్పటి పనులూ కొన్ని పోతాయి. పని పోకుండా ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. చేసినన్నాళ్లు దాన్ని నైపుణ్యం అని పిలిపించుకోవడం, చేసినవాళ్ల పేరు రాయించుకోవడం మాత్రం కొంతవరకు మన చేతిలోనే ఉంది. ప్రాజెక్టు చివర్లో పంపే ఉత్తరంలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడగండి. పక్క సీటులో కూర్చున్న అమ్మాయి పేరు లేకపోతే ఆ మాట మీరే ఎత్తండి.

చూడాలనుకుంటే

పాడర్‌బోర్న్‌కి రైలులో సులువుగా వెళ్లొచ్చు. మ్యూజియానికి సోమవారాలు సెలవు. పండగ రోజుల వేళలు ముందే చూసుకుని బయల్దేరండి. లోపల మట్టి పలకల మీద రాసిన లెక్కల దగ్గర మొదలుపెట్టి రోబోల దాకా అయిదు వేల ఏళ్ల చరిత్ర ఉంటుంది కాబట్టి కనీసం మూడు గంటలు చేతిలో ఉంచుకోండి. పిల్లలు ఆటల దగ్గరకీ రోబోల దగ్గరకీ పరిగెడతారు, పరిగెత్తనివ్వండి. ఆ తర్వాత వాళ్లని పాత ఆఫీసు యంత్రాల వైపు తీసుకెళ్లండి. తీగల అల్లిక కనిపించిన చోట ఆగి, ఇది ఎవరు చేసి ఉంటారు అని అడగండి. జవాబు మీరే చెప్పండి. ఏఎస్ రావు నగర్ పేరు వెనక ఎవరున్నారో కూడా అప్పుడే చెప్పేయండి.