మిద్దెమీది ఛత్రి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలయందు పాతమిద్దెలపై ఎనిమిదడుగుల డిష్ ఛత్రీలు తుప్పుపట్టి యుండుట మీరు చూచియే యుందురు. మేమును మా ఛత్రిపై మిరపకాయ లారబోసెడివారము.

పొరుగున బీడీలు చుట్టి సంసార మీడ్చు నొక యిల్లాలు, కేబులు రుసుము చెల్లింపలేక, తన పిల్లలు పరుల గుమ్మములకడ నిలువబడి టీవీ చూచుచున్నారని కంటనీరు పెట్టుకొనెను. అంతట మేమును మావారును ఛత్రిని కడిగి, చినిగిన వలను తీగతో బిగించి, చెడిన ఎల్.ఎన్.బి.ని మార్పించి, ఆమె వాకిట నిలిపితిమి. దూరదర్శన్ ప్రసారముల నందించు ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పురేఖాంశమున, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నున్నది. కావున ఛత్రి మొగమును మన వంటయింటిమూల యగు ఆగ్నేయమునకు, సుమారు 62 డిగ్రీలు పైకెత్తి త్రిప్పవలెను.

ఇది క్రొత్తవింత కాదు. 1975-76లో 'సైట్' ప్రయోగమున, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రముల 2,400 గ్రామములకు ఇట్టి వలఛత్రీలతోడనే ఉపగ్రహపాఠములు చేరినవి.

పెట్టె కొకసారి వెచ్చింపవలెను, నెలరుసుము లేదు. రుసుముగల ఛానళ్లు మాత్రము రావు. కావున మిద్దెమీది ఛత్రిని పాతయినుముక్రింద నమ్మకుడు.

మొన్న సాయంకాలము ఆ పిల్లలు తమ యింటనే కూర్చుండి చూచిరి. తల్లి మాత్రము వారి మొగములనే చూచుచుండెను.