చింతగింజలతో తొలి లెక్కలు

బాలాపూర్ పరిసరాల్లోని మన ఇళ్ళలో నాలుగైదేళ్ళ పిల్లవాణ్ణి అంకెలు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా వంద వరకూ వల్లిస్తాడు. అదే పిల్లవాణ్ణి దస్తర్‌ఖాన్ మీదికి ఆరు చెంచాలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పోస్తాడు. అంకెల పేర్లు రావడం వేరు, లెక్క రావడం వేరు. ఈ తేడాను గుర్తించక ఒకటో తరగతి గట్టెక్కిందని మనం సంతోషిస్తాం. కూడికలు, తీసివేతలు మొదలైనప్పుడు బిడ్డ తడబడతాడు. అప్పుడు ట్యూషన్ వెతుకుతాం.

లెక్కించడంలోని మెట్లను గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్క అంకె మాత్రమే చెప్పాలి. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో తెలుపుతుంది. ఎటునుంచి లెక్కించినా మొత్తం మారదు. ఇవి బిడ్డ చేతికి వస్తువు దొరికితేనే ఒంటబడతాయి. పలకపై వందసార్లు దిద్దించినా రావు.

వస్తువుల కోసం బజారుకు పోనక్కరలేదు. కోడిగుడ్ల అట్ట ట్రేలో వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసలు, మొత్తం ముప్పై గుంటలుంటాయి. రెండు వరుసలు కత్తిరిస్తే పది గుంటల పెట్టె సిద్ధం. అందులో ఏడు చింతగింజలు వేయించి, ‘పది నిండడానికి ఇంకెన్ని కావాలి?’ అని అడగండి. ఖాళీ గుంటలు మూడు కంటికి కనిపిస్తాయి. బిడ్డ వేళ్ళు మడవనక్కరలేదు. మన పెద్దల వామనగుంటల పీటలోనూ ఇదే చదువుంది. పద్నాలుగు గుంటల్లో ఒక్కో గింజ పంచుతూ పోయే పిల్ల, గుంటకొక గింజ అన్న సూత్రాన్ని ఆటగానే నేర్చుకుంటుంది.

భాష సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. తెలుగులో ఇరవై దాటాక దారి సాఫీగా ఉంటుంది: ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్ అంటూ దాదాపు ప్రతి పేరునూ విడిగా గుర్తుంచుకోవాలి. ఉన్తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ అన్న సంగతి పెద్దలకే స్ఫురించదు. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినిపిస్తాయి. కనుక బిడ్డ తికమకపడితే మందమతి అని తేల్చకండి. ముందు అమ్మీ మాట్లాడే భాషలో పది వరకు స్థిరపడనివ్వండి. పది గింజల కుప్పలు రెండు, పక్కన ఒక్క గింజ పెట్టి చూపితే ఇక్కీస్ అన్నా, ఇరవై ఒకటి అన్నా అర్థం ఒక్కటేనని తెలుస్తుంది.

నమాజు తర్వాత నానీ వేళ్ళపై తస్బీహ్ చదువుతున్నప్పుడు పక్కన కూర్చున్న బిడ్డను గమనించమనండి. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై నాలుగు కలిస్తే వంద. ఐదేళ్ళ వయసుకు ఈ కూడిక అక్కరలేదు. వేలి కణుపుకొకటి చొప్పున పన్నెండు వరకు లెక్కించగలిగితే చాలు.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్‌ను, మన రాష్ట్రం 2022లో తొలిమెట్టును ఆరంభించాయి. మంచిదే. కాని బడిలో చేరకముందు ఇంట్లో గడిచే సంవత్సరాలు తల్లి చేతిలోనివి. బడి చదువు లేని తల్లి కూడా ఈ పని చక్కగా చేయగలదు.

మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. వారికి ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు చాలు. కాస్త పెద్దవారితో అయితే ఐదు గింజలు చూపి, కొన్నింటిని గిన్నె కింద దాచండి. బయట రెండే కనిపిస్తుంటే లోపల ఎన్నున్నాయో చెప్పమనండి. చెప్పాక గిన్నె తనే ఎత్తి చూసుకోవాలి.