దాడి అయిపోయాక మిగిలే జడుపు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు దళితవాడల్లో పరిశోధన కోసం తిరిగేటప్పుడు మాకు ఒక మాట తరచుగా వినబడేది: 'జడుసుకుంది'. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేస్తే జడుసుకుంది అంటారు. గొడవ జరిగిన రోజు నుంచి పెద్దాయన అన్నం సరిగా తినకపోతే జడుసుకున్నాడంటారు. తాయెత్తు కడతారు, పాస్టర్‌గారితో ప్రార్థన చేయిస్తారు, గుండెదడ ఎక్కువైతే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకొని వస్తారు. దీన్ని ఎగతాళి చేయలేం. మనుషులు తమకు అందిన సాయమే తీసుకుంటారు. పైగా భయం ఒంట్లోకి దిగి అక్కడే ఉండిపోతుందన్న సంగతి ఆ మాటలో ఉంది.

వైద్యులు దానికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అని పేరు పెట్టింది 1980లో. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో దాన్ని చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వారి పక్షాన నిలిచిన వైద్యులు ఏళ్ల తరబడి పట్టుబట్టబట్టే అది జరిగింది. అంటే ఆ పేరు కూడా పోరాడి తెచ్చుకున్నదే.

దాడికి గురైనవాళ్లందరికీ ఈ జబ్బు రాదు. చాలామంది కొన్ని వారాల్లో కుదుటపడతారు. నెల దాటినా తగ్గకుండా, పనీపాటా సాగనివ్వకుండా ఉంటేనే ఆ పేరు వాడతారు. జరిగింది గుర్తుకు రావడం వేరు, మళ్లీ కళ్ల ముందు జరగడం వేరు. రాత్రి వీధిలో నాలుగు మోటారుసైకిళ్లు ఒక్కసారిగా వచ్చిన చప్పుడైతే చాలు, కాళ్లు చేతులు చల్లబడతాయి. దెబ్బలు తిన్న దారిలో వెళ్లాల్సి వస్తుందని కూలి మానుకుంటారు. ఎవరినీ నమ్మబుద్ధి కాదు. 'నేనే ఆ రోజు నోరు మూసుకొని ఉంటే పోయేది' అని తమను తామే తిట్టుకుంటారు. నిద్ర ఉండదు, కోపం ఆగదు. మన వాళ్లలో ఇది తరచుగా తలనొప్పిగా, ఒళ్లు నొప్పులుగా, గుండె మంటగా బయటపడుతుంది కాబట్టి ఆస్పత్రిలో గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తారు.

ఆ పేరులోని 'పోస్ట్' అన్న ముక్కతోనే మాకు పేచీ. తర్వాత అని దాని అర్థం. పాలస్తీనా మానసిక వైద్యురాలు సమాహ్ జబర్, తమ ప్రజలకు ఆ 'తర్వాత' అనేదే రాలేదని చెబుతూ వస్తున్నారు. మన పల్లెల్లోనూ అంతే. కొట్టినవాడు బెయిల్ మీద వచ్చి అదే రచ్చబండ మీద కూర్చుంటాడు. కూలికి పోవాల్సింది అతని పొలానికో, అతని బంధువు పొలానికో. అటువంటి చోట భయాన్ని జబ్బు లక్షణం అనడం పొరపాటు. చాలాసార్లు అది సరైన అంచనా.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపాక, బతికి బయటపడ్డ కుటుంబాలు చీరాల చేరాయి. తిరిగి ఆ ఊరు వెళ్లబోమని తేల్చి చెప్పి అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నాయి. పుస్తకం చదివే డాక్టరు దాన్ని 'తప్పించుకోవడం' అని లక్షణాల్లో రాసుకోవచ్చు. ఉద్యమం దాన్ని ఆత్మగౌరవం అంది. మా దృష్టిలో ఉద్యమమే రోగాన్ని సరిగ్గా చూసింది, ఎందుకంటే కోలుకోవడానికి మొదట కావాల్సింది భద్రత.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. వాటికి పోస్టుమార్టం చేసిన యువ డాక్టరు ఆ తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. చూసినవాళ్లను కూడా గాయం వదలదు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. సాక్షులు అన్నేళ్లూ ఆ రోజును మనసులో చెదరకుండా మోయాలి. కానీ తీవ్రమైన భయంలో పడ్డ జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. గొడ్డలి పిడి రంగు గుర్తుంటుంది, ఎవరు ముందు వచ్చారో గుర్తుండదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాన్నే 'పొంతన లేని సాక్ష్యం' అంటారు. అట్రాసిటీ కేసులు వాదించే లాయర్లు ఈ విషయం తెలుసుకొని ఉండటం చాలా అవసరం.

ఇక మన సంగతి. ఘటన జరిగిన వారంలోపే నిజనిర్ధారణ బృందాలు వెళతాయి. పోలీసులు, విలేకరులు, సంఘాలు, మావంటి పరిశోధకులు, అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: 'అమ్మా, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు'. ఒక ఇంట్లో మేమూ అలాగే అడిగాం. ఆమె చెప్పింది, మేం రాసుకున్నాం. మర్నాడు వెళితే, రాత్రంతా ఆమె కూర్చొనే ఉందని కూతురు చెప్పింది. మేం తెచ్చిన సమ్మతి పత్రంలో ఆ రాత్రి గురించి ఒక్క వాక్యం లేదు. అప్పటి నుంచి ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నదాన్ని మళ్లీ అడగడం మానేశాం. తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే, పగటిపూటే మాట్లాడతాం. ఆపమంటే ఆపేస్తాం. బృందాలన్నీ కలిసి ఒక్కసారే వివరం తీసుకొని పంచుకుంటే ఇంకా మంచిది. ఎవరి నివేదికలో ఎవరి పేరుండాలన్న పంతం వల్ల అది జరగడం లేదు.

వైద్యం ఉంది, పనిచేస్తుంది. గాయం మీద దృష్టి పెట్టి, శిక్షణ పొందినవాళ్లు కొన్ని వారాల పాటు ఇచ్చే కౌన్సెలింగ్ అన్నిటికంటే మేలు. సెర్ట్రలిన్ వంటి మందులు కొందరికి ఉపయోగపడతాయి. నిద్రమాత్రలను సొంతంగా మింగుతూ పోవడం, మందు తాగి మరచిపోవాలనుకోవడం గాయాన్ని ముదరబెడతాయి. చిక్కల్లా దూరంతోనే. ఉదయగిరి నుంచి నెల్లూరు ఆస్పత్రికి పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. ఫోన్లో అయితే టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అట్రాసిటీల ఫిర్యాదుకు 14566. చట్టంలోని 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ, ప్రయాణ ఖర్చులు, పునరావాసం ఇవ్వాలని చెబుతుంది. పరిహారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉంది. అర్జీలో దెబ్బలతో పాటు నిద్ర, భయం, మానేసిన కూలిరోజులు కూడా రాయించండి, డాక్టరు చీటీ జతచేయండి.

ఈ ప్రాంతానికి కొత్తగా నేర్పాల్సిందేమీ కాదిది. ఉదయగిరికి దగ్గర్లోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు అక్షరదీపం బడుల్లో కూర్చొని ఇళ్లల్లో పడే దెబ్బల గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు. 1992లో ఆ మాటలే సారా వ్యతిరేక ఉద్యమమయ్యాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ 1992లోనే అమెరికాలో జుడిత్ హెర్మన్ అనే వైద్యురాలు ట్రామా మీద రాసిన పుస్తకంలో, రాజకీయ ఉద్యమం అండ లేకుండా ఈ గాయాల గురించి లోకం మాట్లాడదని వాదించింది. దూబగుంట ఆడవాళ్లు ఆమెను చదవలేదు, చదవాల్సిన అవసరమూ రాలేదు.

పైన చెప్పిన ఆమె ఇంటికి ఇప్పటికీ వెళుతుంటాం. జడుపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. పోయినసారి మమ్మల్ని ఒకటే అడిగింది: 'వాయిదా రోజు నెల్లూరు కోర్టులో వాళ్లంతా వచ్చి ఎదురుగా నిలబడతారు. నా పక్కన కూర్చోవడానికి ఆ రోజు మీలో ఎవరొస్తారు?'