కొండగోగు జిగురు: గిరిజన సేకరణ నుండి రసాయన పరిశోధన వరకు

ప్రస్తావన:
తూర్పు కనుమల పొడి కొండవాలుల్లో, ఆకులు రాలిన కాలంలో పసుపుపచ్చని పూలతో కనిపించే చెట్టు కొండగోగు. దీని శాస్త్రీయనామం కాక్లోస్పెర్మమ్ గాసిపియం. కొండ, గోగు అనే రెండు పదాల సమాసం ఈ పేరు. తమ్మెలుగా చీలిన దీని ఆకు గోగాకును తలపిస్తుంది. ఈ చెట్టు బెరడు నుండి స్రవించే జిగురును అంతర్జాతీయ రసాయనశాస్త్ర పత్రికలు ‘గమ్ కొండగోగు’ అనే వ్యవహరిస్తున్నాయి. ఒక తెలుగు మాట శాస్త్ర పరిభాషలో స్థిరపడటానికి కారణమైన పరిశోధనను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

నిర్మాణం - ధర్మం:
తన నిర్మాణంలోని రసాయన సమూహాల వల్ల ఒక నిర్దిష్టమైన పని చేయగల కర్బన పదార్థాన్ని క్రియాత్మక సేంద్రియ పదార్థం అంటారు. కొండగోగు జిగురు ఒక బహుశర్కర. రామ్నోజ్, గాలక్టోజ్ వంటి చక్కెరలతోపాటు యూరోనిక్ ఆమ్లాలు ఇందులో అధికంగా ఉంటాయి. సహజస్థితిలో ఎసిటైల్ సమూహాలు ఉండటం వల్ల ఇది నీటిలో ఉబ్బుతుందే కాని సులభంగా కరగదు. ఆమ్లాలలోని కార్బాక్సిల్ సమూహాలు లోహ అయాన్లను పట్టి ఉంచుతాయి. అందువల్లనే నికెల్, క్రోమియం వంటి లోహాలను నీటి నుండి తొలగించడానికి ఈ జిగురును పరీక్షించారు.

వెండి నానోకణాలు:
హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయనశాస్త్ర శాఖ, అణుశక్తి విభాగానికి చెందిన పదార్థ విశ్లేషణ కేంద్రం పరిశోధకులు కలిసి 2010లో ‘కార్బోహైడ్రేట్ పాలిమర్స్’ పత్రికలో ఒక పద్ధతిని ప్రకటించారు. సిల్వర్ నైట్రేట్‌ను జిగురు ద్రావణంతో కలిపి ఆటోక్లేవ్‌లో వేడిచేస్తే వెండి అయాన్లు నానోకణాలుగా మారుతాయి. ఇక్కడ జిగురు రెండు పనులు చేస్తుంది. ఒకటి, అయాన్లను క్షయకరణం చేయడం. రెండు, ఏర్పడిన కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టూ పొరగా నిలవడం. కనుక విషపూరితమైన క్షయకారకాల అవసరం ఉండదు. ఈ కణాలు కొన్ని బాక్టీరియాల పెరుగుదలను నిరోధించాయి. అయితే ఇది ప్రయోగశాల ఫలితం. దీనిని సిద్ధమైన ఔషధంగా భావించరాదు.

సేకరణ - విలువ:
అటవీ ఫలసాయాన్ని గిరిజనుల నుండి కొనుగోలు చేయడానికి విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఇది కొనే వాటిలో తపసి జిగురు ప్రసిద్ధమైనది. జిగురును రంగు, శుభ్రతల ఆధారంగా తరగతులుగా విభజిస్తారు. గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు క్షీణిస్తుంది. బెరడును మాత్రమే పలుచగా చెక్కితే గాయం మానుతుంది. చెట్టు నిలిస్తేనే సేకర్తకు జీవనోపాధి, పరిశోధకునికి ముడిపదార్థం నిలుస్తాయి.

ముగింపు:
సంతలో ధర రంగును బట్టి నిర్ణయమవుతుండగా, ప్రయోగశాలలో విలువ అణునిర్మాణాన్ని బట్టి నిర్ణయమవుతున్నది. ఈ రెండు విలువల మధ్య ఉన్న అంతరాన్ని సేకర్తకు తెలియజేయవలసిన భాష తెలుగు, గిరిజన భాషలే. జీవవనరుల వల్ల కలిగే లాభంలో స్థానికులకు వాటా ఉండాలన్నది 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఆశయం. చెట్టుకు పేరుపెట్టిన సమాజానికి ఆ పేరుతో వెలువడిన జ్ఞానం తిరిగి చేరినప్పుడే ఆ ఆశయం సార్థకమవుతుంది.