కనుమదారిలో మోటారు సైకిలు

మోటారు సైకిలును గూర్చి చెప్పుటకు యువకులను విడిచి మిమ్మేల పిలిచితినని మీకు తోచవచ్చును. మాచర్లనుండియు, గురజాలనుండియు శ్రీశైలమునకు బోవు పెద్దలలో ననేకులు నేడు కొడుకు వెనుకనో, మనుమని వెనుకనో కూర్చుండి పోవుచున్నారు. నడుపువాడు చిన్నవాడు. వానిని మందలింపగలవారు మీరే. కాని మందలించుటకు ముందు సంగతి తెలిసియుండవలెను గదా.

నరసరావుపేటవారికి కోటప్పకొండమీది ఘాటురోడ్డు పరిచితమే, అది చిన్నది. ఎఱ్ఱగొండపాలెము మీదుగా దోర్నాల చేరి, అచ్చటినుండి సుమారు 50 కిలోమీటర్లు నల్లమలలో సాగు దారి వేఱు. ఎక్కుటయే కష్టమని జనులు తలంతురు. ఎక్కునపుడు కొండయే బండిని వెనుకకు లాగి వేగము నణచుచుండును. అపాయము దిగుటయందున్నది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకొన్న సంగతి. చాలయేండ్ల క్రిందట మా నాయనగారిని వెనుక కూర్చుండబెట్టుకొని శ్రీశైలమునుండి తిరిగి వచ్చుచుంటిని. పెట్రోలు మిగులునన్న యాశతో, వాలు రాగానే ఇంజను నాపి, బండిని న్యూట్రలులో వదలితిని. చప్పుడు లేకుండ జారుచుండ హాయిగనే యుండెను. కొంతదూరము పోవునప్పటికి బ్రేకు ఎంత నొక్కినను పట్టలేదు. కాలిన వాసన మాత్రము వచ్చినది. లోయవైపు పోనీయక కొండవైపు గులకరాళ్లలోనికి త్రిప్పి పడవైచితిని. నాయనగారి మోకాలు చీరుకొనిపోయినది. నలువదియేండ్లు ఎద్దులబండి తోలిన మనిషి, లేచి కూర్చుండి, "ఎద్దుల్ని ఇప్పేసి బండిని వాలులో దించుతారంట్రా?" అని యడిగిరి.

అంతకన్న చక్కగా నేను చెప్పలేను. దిగుడులో ఎద్దులు మెడ బిగించి బండిని నిలువరించునట్లు, గేరులోనున్న ఇంజను చక్రమును వెనుకకు పట్టియుంచును. న్యూట్రలులో వేయుట, క్లచ్చి నొక్కిపట్టుట, ఇవి రెండును ఎద్దులను విప్పుటయే. అప్పుడు భారమంతయు బ్రేకుపై బడును. ఆ భార మెంత? బండియు నిద్దరు మనుష్యులును కలిసి 250 కిలోలనుకొందము. 300 మీటర్ల యెత్తునుండి దిగువఱకు పుట్టు వేడిమి రెండున్నర లీటర్ల నీటిని మరగించుటకు చాలును. అది యంతయు చేరెడు బ్రేకుకట్టలలో చేరినచో అవి పట్టు వదలుట వింతయా? అందుచేత ఏ గేరులో ఎక్కవలసియుండునో ఆ గేరులోనే దిగవలెను. బ్రేకు నదేపనిగా త్రొక్కిపట్టక, నొక్కి వదలుచుండవలెను. ముందుదియు, వెనుకదియు రెండును వాడవలెను. గేర్లులేని స్కూటరుకు ఇంజను పట్టు తక్కువ. అట్టిదానిపై పోవువారు నడుమనడుమ నిలిపి బ్రేకులను చల్లారనీయవలెను. పది నిమిషము లాలస్యమైన మల్లన్న యేమియు ననుకొనడు.

మలుపును గూర్చి యొకమాట. వేగమును మలుపునకు ముందే తగ్గించుకొనవలెను. ఒరిగియున్న బండికి ఇసుకమీద గట్టిగా బ్రేకు వేసినచో చక్రము జారును. వేగము రెట్టింపైన ఆగుటకు వలయు దూరము నాలుగురెట్లగును. వాలులో నింకను హెచ్చు. ఎదుటి దారి కనబడనిచోట హారను మ్రోగించి ఎడమ అంచు విడువరాదు. వెనుకకు మెలితిరిగిన మలుపులో బస్సునకు దారియంతయు కావలసివచ్చును. అది తిరిగి పోవువఱకు క్రిందనే నిలువుడు. ఇరుకుదారిలో దిగువాడు ఎక్కువానికి దారి యీయవలెనని నిబంధన గలదు. ఎక్కుచున్న బండి యాగినచో మరల కదలుట కష్టము గనుక అది న్యాయమే.

వెనుక కూర్చుండు మీ పనియు కొంత గలదు. బండి ఒరిగినప్పుడు భయపడి రెండవవైపునకు వంగకుడు, నడుపువానితోపాటు ఒరుగుడు. పంచెయంచును, చీరకొంగును చక్రములో పడకుండ దోపుకొనుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నడుపువాడుగాక ఒక్కరే యెక్కవలెను. శిరస్త్రాణ మిద్దరికిని ఉండవలెను. నడుమ మనుమరాలిని ఇరికించి ముగ్గురు పోవుట మనవైపు మామూలైనది. దీనిని మాన్పవలసినవారు కూడ మీరే.

మన కుఱ్ఱవాండ్రు కొందఱు లడాఖు వఱకు పోవుచున్నారు. అచ్చట 5,000 మీటర్లకు మించిన కనుమలలో ప్రాణవాయువు సముద్రతీరమున నున్నదానిలో ఇంచుమించు సగమే. మనిషికి తల తిరుగును, ఇంజనుకు బలము తగ్గును. అయినను దిగు పద్ధతి మాత్రము నల్లమలలోనిదే.

తిరుగు ప్రయాణమును మధ్యాహ్నమే ప్రారంభింపుడు. అది పులుల అభయారణ్యము. రాత్రివేళ అటవీశాఖవారు వాహనముల నాపివేయుదురు. ఆ గడువు తప్పునను తొందరలోనే పిల్లలు వాలులో బండిని వదలుదురు. బయలుదేరునపుడు మీరు భుజము తట్టి ఏ గేరులో నున్నాడో యడుగుడు. మా నాయనగారు కడవఱకు నన్నట్లే యడిగెడివారు.