గ్యాస్ తగ్గిందని ఎవరు చెప్పారు?

కువైట్‌లో కారు ఏసీ విలాసమేమీ కాదు. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. అలాంటి ఎండల్లో మా కారు ఏసీ కాస్త నెమ్మదించింది. గ్యాస్ తగ్గిందనుకుని, షువైఖ్‌లో ఒక డబ్బా కొని నేనే ఎక్కించాను. రెండోరోజు పిల్లలు వెనకసీట్లో ఉండగా సిగ్నల్ దగ్గర వేడిగాలి మొదలైంది. బండి వేగమందుకుంటే మళ్ళీ చల్లగాలి!

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తెలిసిన సూత్రమే: ఆఖరున దేన్ని మార్చామో దాన్నే ముందు అనుమానించాలి.

డబ్బాతో వచ్చే మీటరు తక్కువ ఒత్తిడి ఉండే వైపు మాత్రమే చూపిస్తుంది. బయటి వేడిని బట్టి ఆ అంకె మారుతుంది కాబట్టి, గ్యాస్ ఎంతుందో దానితో తేలదు. గ్యాస్ ఎక్కువైతే కండెన్సర్లో ద్రవం నిండి, ఆవిరి చల్లబడే చోటు తగ్గిపోతుంది. రెండోవైపు ఒత్తిడి పెరిగి, రక్షణ స్విచ్ కంప్రెసర్ని ఆపేస్తుంది. ఆగి ఉన్న బండికి ఎదురుగాలి ఉండదు, అందుకే సిగ్నల్ దగ్గర బయటపడింది.

మెకానిక్ గ్యాసంతా యంత్రంలోకి లాగి తూస్తే, బానెట్ కింద స్టిక్కరు మీదున్న బరువుకన్నా బాగా ఎక్కువే తేలింది. వాక్యూమ్ చేసి, సరిగ్గా ఆ బరువే నింపాడు. మరి మొదట్లో చల్లదనం ఎందుకు తగ్గినట్టు? కండెన్సర్ రెక్కల నిండా ఇసుక!

అందుకని ముందు కేబిన్ ఫిల్టరు, కండెన్సర్ మీది దుమ్ము, ఫ్యాను చూడండి. గ్యాస్ సంగతి ఆఖరున, అదీ రెండువైపులా ఒత్తిడి కొలవగలిగినవాళ్ళ చేత.