ఆకు నుండి మొక్క, కొమ్మ నుండి చెట్టు

ఆకును త్రుంచి మట్టిలో గ్రుచ్చినచో మొక్క మొలచునా? ఈ ప్రశ్నను పల్లెలలో పిల్లలు తరచుగా వేయుచుందురు. రణపాల ఆకును పుస్తకపు పుటల నడుమ దాచి, కొలది దినములకు దాని అంచుల నొక్కులందు చిట్టి మొక్కలు తలలెత్తుట చూచి మురియని బాలుడు అరుదు. అదే ఆశతో మామిడి ఆకునో, వేపాకునో మట్టిలో నాటినవారికి మాత్రము ఎండుటాకే మిగులును. ఒక ఆకు మొక్కయగుట, మరియొకటి కుళ్లిపోవుట ఏల జరుగుచున్నది? ఈ సంగతి పిల్లలకు వినోదము కావచ్చును గాని, పంచాయతీ సభ్యులకు మాత్రము పనికివచ్చు విషయము. దీనిని తెలియక నర్సరీలలో వ్యర్థమగుచున్న సంచులు, నీరు, కూలి తక్కువ కాదు.

ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు చోట ఇల్లందు ఉన్నది. బొగ్గు గనులకు పుట్టినిల్లుగా పేరొందిన ఈ ప్రాంతము 2016 అక్టోబరు 11 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. 2015లో తెలంగాణలో హరితహారము మొదలైన తరువాత గ్రామ గ్రామమున నర్సరీలు వెలసినవి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీ పెంపకమును పంచాయతీ విధులలో చేర్చుటయేగాక, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని చెప్పి, ఆ బాధ్యతను సర్పంచుపైనను, కార్యదర్శిపైనను మోపినది. కావున నర్సరీలో మొక్క ఎట్లు పుట్టినది, ఏ సంచిలో ఎట్లు పెరిగినది అను సంగతి తోటమాలికి మాత్రమే వదలివేయదగినది కాదు.

ముందుగా ఆకుల కథ చెప్పుకొందము. పట్టణములలో కిటికీల వద్ద కుండీలలో పెంచు ఆఫ్రికన్ వయొలెట్ అను పూలమొక్క ఒకటి కలదు. తూర్పు ఆఫ్రికాలో, నేటి టాంజానియా దేశపు ఉసంబర కొండలయందు ఇది సహజముగా పెరుగును. 1892లో అచ్చటి జర్మను అధికారి వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ దీనిని స్వదేశమునకు పంపగా, మరుసటి సంవత్సరము వృక్షశాస్త్రజ్ఞుడు హెర్మన్ వెండ్లండ్ ఆయన పేరుమీదనే దీనికి నామకరణము చేసెను. తొడిమతో కూడ ఆకును కోసి, తొడిమను రెండు మూడు సెంటీమీటర్ల మేర మిగిల్చి, తడి ఇసుకలో ఏటవాలుగా గ్రుచ్చి, పైన పారదర్శకమైన మూత కప్పినచో మూడు నాలుగు వారములలో వేళ్లు వచ్చును. రెండు మూడు నెలలకు తొడిమ మొదట బుల్లి మొక్కల గుంపు పైకి వచ్చును. వాటిని విడదీసి ఒక్కొక్కటి చిన్న కుండీలో నాటుదురు. ఒక్క ఆకు నుండి పలు మొక్కలు లభించును. అయితే సభ్యులు దీనిని మన ఊరి నర్సరీకి తెప్పింపవలెనని తలపవద్దు. చల్లని కొండ నీడలలో పుట్టిన మొక్క ఇది. వేసవిలో 45 డిగ్రీలను దాటు మన ఎండకు ఇది నిలువదు. ఈ మొక్క మనకొక పాఠము మాత్రమే.

పాఠమేమనగా, ఆకు నుండి మొక్క రావలెనన్న వేళ్లు మాత్రము వచ్చిన చాలదు, క్రొత్త మొగ్గ కూడ పుట్టవలెను. ఆఫ్రికన్ వయొలెట్, బిగోనియా, రణపాల, మన చాగనార వంటి కొన్ని మొక్కల ఆకులకే ఆ శక్తి కలదు. తక్కిన పలు మొక్కల ఆకులు వేళ్లు తొడిగినను మొగ్గ లేక అట్లే నిలిచి, కడకు వాడిపోవును. చాగనార విషయమున ఒక చిత్రము కూడ కలదు. పసుపు అంచుగల చాగ ఆకును ముక్కలుగా కోసి నాటినచో వచ్చు పిల్లలకు ఆ పసుపు అంచు ఉండదు, పచ్చగనే పుట్టును. ఆ అంచు కావలసినవారు దుంపను విడదీసి నాటవలెను.

చెట్టు జాతులలో మొగ్గ ఉండునది కణుపునందు. కావుననే కణుపులున్న కొమ్మముక్క చెట్టగును, ఒంటరి ఆకు కాదు. తమలపాకు తీగను, మందారమును, నందివర్ధనమును, వావిలిని, అడ్డసరమును మన పెద్దలు ఈ విధముగనే పెంచిరి. మునగ కొమ్మను, మర్రి కొమ్మను లావుగా నరికి పాతినను చిగుర్చును. గ్లైరిసీడియా కొమ్మలను తొలకరిలో గట్లవెంట నాటి పచ్చిరొట్టకు వాడుకొనుట రైతులకు తెలిసినదే.

ఈ పద్ధతిని మన అడవి అంచుననే శాస్త్రీయముగ పెద్దయెత్తున ఆచరించి చూపిన ఉదాహరణ ఒకటి కలదు. భద్రాచలమునకు ఎదురుగా గోదావరి ఒడ్డున సారపాకలో కాగితపు అట్టల మిల్లు ఉన్నది. ఈ మిల్లుకు కలప కావలసియుండెను. విత్తనముతో పెంచిన జామాయిల్ తోటలలో ఒక చెట్టు ఏపుగా, మరొకటి గిడసబారి పెరుగుచుండెను. 1989లో మిల్లువారు మేలైన చెట్లను ఏరి, వాటి కొమ్మముక్కలతో మొక్కలను పుట్టించు పని చేపట్టిరి. తల్లిచెట్టు గుణమంతయు పిల్లమొక్కకు వచ్చుట ఈ పద్ధతిలోని కీలకము. విత్తన తోటలలో సంవత్సరమునకు హెక్టారునకు 6 నుండి 10 ఘనమీటర్ల కలప రాగా, ఎంపిక చేసిన మొక్కలు 20 ఘనమీటర్లకు పైగా ఇచ్చినవని ఆ సంస్థవారు ప్రకటించిరి. నేడు ఖమ్మము, కొత్తగూడెము జిల్లాలలో రైతుల పొలములందు కనబడు వరుసతీరిన జామాయిల్ తోటలలో పెక్కు ఈ జాతివే.

అచ్చటి పద్ధతిని క్లుప్తముగ చెప్పెదము. ముదురు కొమ్మ వేళ్లు తొడుగుటకు వెనుదీయును. కావున తల్లిమొక్కలను పొట్టిగా నరికి, మోడు నుండి వచ్చిన లేత చిగుళ్లను ఒకటి రెండు నెలల వయస్సున కోయుదురు. ఒక్కొక్క ముక్కకు రెండు ఆకులుంచి, వాటిని సగమునకు కత్తిరింతురు. శిలీంధ్రనాశని ద్రావణములో ముంచి, అడుగు కొసను ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లము కలిపిన పొడిలో అద్ది, వర్మిక్యులైట్ నింపిన గొట్టపు అరలలో నాటి, సన్నని తుంపర పడుచుండు గదిలో ఉంచుదురు. మూడు నాలుగు వారములలో వేళ్లు వచ్చును. పిదప నీడలోనికి, ఆపైన ఎండలోనికి మెల్లమెల్లగా తెచ్చెదరు.

పంచాయతీకి ఇంతటి తుంపర గది అవసరము లేదు. కాని ఆ గది చేయు పనిని మనము గ్రహింపవలెను. కొమ్మముక్కకు వేళ్లు లేవు, ఆకులు మాత్రము నీటిని గాలిలోనికి వదలుచునే యుండును. వచ్చునది లేక పోవునది యుండుట వలన ముక్క వాడును. ఆకులను సగము కత్తిరించుట, గాలిలో తేమను నిలుపుట అందుకొరకే. వెదురు బద్దలను వంచి గుడారమువలె కట్టి, పైన తెల్లని పాలిథిన్ కప్పి, దానిని చెట్టు నీడను గాని, నీడవల క్రింద గాని ఉంచిన చాలును. నీడ లేక ఎండలో ఉంచిన పాలిథిన్ గుడారము కొలిమియగును. ఈ ఒక్క పొరపాటు చేతనే వందల ముక్కలు ఒక్క మధ్యాహ్నమున మాడిపోవును.

ముక్కను కోయునపుడు అడుగు కొసను కణుపు క్రింద ఏటవాలుగాను, పై కొసను అడ్డముగాను కోయవలెను. ఇది వట్టి అలవాటు గాదు. మొగ్గలలోను, లేత ఆకులలోను పుట్టు ప్రేరక పదార్థము క్రిందికి దిగి అడుగు కొసన చేరుట వలననే వేళ్లు పుట్టును. తలక్రిందులుగా నాటినచో ముక్క బ్రతుకుట దుర్లభము. కోత రెండు రీతులుగా ఉన్నచో కూలివారికి ఏది అడుగో చూచినంతనే తెలియును. కత్తి పదునుగా ఉండవలెను, నలిగిన కొస కుళ్లును. ఉదయపు చల్లదనమున కోసి, తడి గోనెలో చుట్టి, ఆనాడే నాటుట మేలు.

నాటిన పది పదిహేను దినములకు పై మొగ్గ చిగిర్చినంతనే వేళ్లు వచ్చినవని సంతోషింపరాదు. ముక్కలో నిలువయున్న ఆహారముతో అది చిగిర్చియుండవచ్చును. మెల్లగా కదలించినపుడు మట్టిని పట్టుకొని నిలిచినచో వేళ్లు వచ్చినట్లు. దినదినము పీకి చూచు వారి నర్సరీలో వేళ్లు ఎన్నడును రావు.

ఇక సంచులలోనికి మార్చుట. మా అభిప్రాయమున చెట్టు భవిష్యత్తు నిర్ణయమగునది ఇచ్చటనే. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన వాగు ఇసుక ఒక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి జల్లెడ పట్టవలెను. పచ్చి పేడ వేడిమికి లేత వేళ్లు చచ్చును. సంచి అడుగునను, ప్రక్కలను రంధ్రములుండవలెను. నీరు నిలిచిన సంచిలో మొక్క దాహముతో ఉన్నట్లే వాడును గనుక, చూచినవారు మరల నీరు పోసి దానిని ముంచెదరు. మార్చుటకు ముందుదినమున తడిపి, వేళ్ల చుట్టునున్న మట్టి చెదరకుండ ఎత్తి, మొదలు మునుపటి లోతుననే ఉండునట్లు నిలిపి, చుట్టును మట్టిని తేలికగా సర్దవలెను. బొటనవ్రేలితో అదిమినచో వేళ్లు తెగును. పదిదినములు నీడలోనే ఉంచి, పిదప గుడారపు అంచును దినమునకు కొంత ఎత్తుచు గాలికి, వెలుతురునకు అలవాటు చేయవలెను.

సంచిలో మొక్క ఎక్కువ కాలము ఉండిపోయినచో వేళ్లు గోడ వెంబడి చుట్టలుగా తిరుగును. ఆ మొక్క ఆకులతో పచ్చగనే కనబడి, పంపిణీ దినమున అందరి మెప్పు పొంది, నాటిన రెండు మూడేండ్లకు గాలివానకు కూలును. ఏలయన చుట్టలుగా తిరిగిన వేరు నేలలోనికి దిగదు. రూట్ ట్రైనర్లని పిలువబడు గట్టి అరలలో నిలువు గాడులు వేళ్లను క్రిందికి నడిపించును. అడుగు రంధ్రమున గాలి తగిలి వేరుకొన ఎండి, ప్రక్కవేళ్లు పుట్టును. ఇవి పలుమార్లు వాడుకొనదగినవి. సంచులు వాడువారు మాత్రము నెలకొకసారి సంచులను కదలించి, అడుగు నుండి నేలలోనికి పాకిన వేళ్లను త్రుంచవలెను. నాటునపుడు సంచిని కోసి తీసివేయుట మరువరాదు. తొందరలో సంచితోనే గుంటలో దించిన మొక్కలు లేకపోలేదు.

అన్నింటిని కొమ్మలతోనే పెంచవలెనని మేము చెప్పుట లేదు. ఇప్ప చెట్టు కోయ గ్రామములకు పువ్వును, నూనెగింజను ఇచ్చు కల్పవృక్షము. దానిని విత్తనముతోనే పెంచుట సులభము. కాని ఇప్ప గింజకు మొలక శక్తి కొలది వారములకే తగ్గిపోవును. రాలిన వెంటనే విత్తవలెను. వేప గింజయు అట్టిదే. వీటిని నెలల తరబడి నిలువయుంచి విత్తి, మొలకెత్తలేదని విత్తనమును నిందించుట తగదు. టేకునకు ఒక సంవత్సరపు నారును పీకి, కాండమును వేరును కత్తిరించి స్టంపులుగా నాటుట వాడుకలో ఉన్నది. మామిడికి అంటు మొక్కయే శరణ్యము.

కొమ్మముక్కల పద్ధతిలో దాగియున్న అపాయమును కూడ చెప్పవలెను. ఒకే తల్లి నుండి వచ్చిన వేయి మొక్కలు నిజమునకు వేయి చోట్ల నిలిచిన ఒకే మొక్క. దానికి లొంగు పురుగో, తెగులో వచ్చినచో తోటంతయు లొంగును. ఐర్లండులో 1845 నుండి వచ్చిన కరవునందు సుమారు పది లక్షలమంది మరణించుటకు గల కారణములలో, దుంపలతోనే పెంచిన ఒకటి రెండు రకముల బంగాళదుంపపై పేదలు ఆధారపడియుండుట ఒకటి. మన కండ్ల యెదుట జరిగినది జామాయిల్ కథ. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆస్ట్రేలియా మూలముగా గల చిన్న కందిరీగ ఒకటి దక్షిణ భారతమున ప్రవేశించి, లేత ఆకుల ఈనెలపై బుడిపెలు కలిగించి, నర్సరీలను, లేత తోటలను దెబ్బతీసినది. కొన్ని రకములు అధికముగ లొంగగా, కొన్ని తట్టుకొన్నవి. కావున బంజరునందో, చెరువు గట్టుననో నాటునపుడు ఒకే తల్లి పిల్లలను గాక, నాలుగైదు తల్లుల పిల్లలను, పలు జాతులను కలిపి నాటుట క్షేమము.

ఏ మొక్క ఏ తల్లి నుండి వచ్చినదో తెలియవలెనన్న వ్రాతపూర్వకమైన లెక్క ఉండవలెను. ప్రతి మడికి తల్లిచెట్టు పేరు, ముక్క కోసిన తేదీ, నాటిన సంఖ్య, వేళ్లు తొడిగిన సంఖ్య, సంచికి మార్చిన తేదీ, నాటిన పిదప తొలి వేసవిని దాటి బ్రతికినవాని సంఖ్య ఒక రిజిస్టరులో చేర్చినచో, మరుసటి యేడు ఏది పెంచవలెనో, ఏది మానవలెనో గ్రామసభ ఎదుట చెప్పుట సులభము. వేళ్లు తొడిగించు పనికి వానకాలపు తేమయే మనకు ఉత్తమమైన గది. జులై, ఆగస్టు నెలలలో కోసిన ముక్కలను చలికాలమున సంచులలో పెంచి, వేసవిని నీడవల క్రింద దాటించి, మరుసటి జూన్ తొలకరికి నాటుట ఒక పద్ధతి. మరియొకటి, ఫిబ్రవరిలో కోసి ఆ తొలకరికే నాటుట. దీనికి కాలము తక్కువే పట్టును గాని, లేత మొక్కకు మార్చి నుండి మే వరకు దినమునకు రెండుసార్లు నీరు తప్పదు. బోరుబావిలో వేసవి నీటి మట్టము ఎట్లున్నదో చూచుకొని పంచాయతీ ఈ రెంటిలో నొకదానిని ఎన్నుకొనవలెను.